మాటల ఆటలు – సమాచారపు కొలత

2021వ సంవత్సరము అక్టోబరు మాసమున, న్యూయార్కు నగరమున నివసించుచున్న జాష్ వార్డిల్ అను కంప్యూటరు ఇంజనీరు ఒక చిన్న మాటల ఆటను తయారుచేసి ఇంటర్నెట్టులో అందరికిని అందుబాటులో ఉంచెను. మొదట అది తన సహచరి వినోదము కొరకు ఆయన చేసిన ఆట. తన యింటిపేరునే కొంచెము మార్చి దానికి ‘వర్డిల్’ అని పేరు పెట్టెను. 2021 నవంబరు 1వ తేదీన ఆ ఆట ఆడినవారు 90 మంది మాత్రమే. రెండు మాసములు గడచి 2022 జనవరి 2వ తేదీ వచ్చునప్పటికి ఆడినవారు సుమారు 3 లక్షలమంది. ఆ మాసాంతమున న్యూయార్కు టైమ్స్ పత్రిక ఆ ఆటను కొనివేసెను.

ఆట నియమములు సులభములు. దినమునకు ఒకే మాట. అది ఐదు అక్షరములు గల ఇంగ్లీషు మాట. అది ఏదో ఆటగానికి తెలియదు. అతడు తనకు తోచిన ఐదక్షరముల మాట నొకదానిని వ్రాయవలెను. వెంటనే ప్రతి అక్షరమునకు ఒక రంగు వచ్చును. అక్షరము సరియైనదై, సరియైన స్థానమునందే ఉన్నచో ఆకుపచ్చ. అక్షరము మాటలో ఉన్నది కాని వేరొక స్థానమున ఉన్నదన్నచో పసుపు. మాటలో ఆ అక్షరమే లేనిచో బూడిద. ఈ రంగులనుబట్టి ఆలోచించి మరల ఒక మాట వ్రాయవలెను. ఇట్లు ఆరు అవకాశములు. ఆరింటిలో మాటను పట్టుకొన్నవాడు గెలిచినట్లు.

ఇందులో బొమ్మలు లేవు, చప్పుళ్ళు లేవు, బహుమానములును లేవు. అయినను లక్షలమంది దీనికి అలవాటుపడిరి. ఈ ఆటలో ఆటగాడు నిజముగా చేయుచున్న పని యేమి? మాటలు ఎక్కువ తెలిసియుండుట ఒక్కటే చాలునా? చాలదు. అతడు తన కున్న సందేహమును కొంచెము కొంచెముగా తగ్గించుకొనుచున్నాడు. సందేహము ఎంత తగ్గినదో అంత సమాచారము లభించినదని అర్థము. దూరమును మీటర్లతోను, బరువును కిలోగ్రాములతోను కొలిచినట్లే సమాచారమును కూడ కొలువవచ్చునని 20వ శతాబ్దమున శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మాటల ఆటల వెనుక ఉన్న శాస్త్రము ఇదియే.

అవును – కాదు

ఒకరు మనసులో ఒక వస్తువును తలచుకొందురు. రెండవవారు ప్రశ్నలు వేసి అదేదో కనుగొనవలెను. ప్రతి ప్రశ్నకును ‘అవును’ అనియో ‘కాదు’ అనియో మాత్రమే జవాబు రావలెను. మన పిల్లలు కూడ ఆడు ఈ ఆటలో సాధారణముగా 20 ప్రశ్నల కనుమతి యుండును.

‘అది ప్రాణము గలదియా?’ అను ప్రశ్న మంచి ప్రశ్న. జవాబు ఏదైనను లోకమునందలి వస్తువులలో పెద్ద భాగము తొలగిపోవును. ‘అది ఏనుగా?’ అను ప్రశ్న మొదటనే వేయుట తెలివిగల పని కాదు. అదృష్టవశమున ‘అవును’ అని వచ్చినచో ఆట ముగియును గాని, నూటికి తొంబదితొమ్మిది సార్లకు పైగా ‘కాదు’ అనియే వచ్చును. ఆ ‘కాదు’ వలన మన సందేహము తగ్గినది చాల స్వల్పము. కావున ఉన్న అవకాశములను సరిగా సగమునకు విభజించు ప్రశ్నయే అన్నిటికంటె ఎక్కువ సమాచారము నిచ్చును. అట్టి ప్రశ్నకు వచ్చిన జవాబులో ఉన్న సమాచారమును ఒక ‘బిట్టు’ అందురు.

రెండు వస్తువులలో ఒకదానిని గుర్తించుటకు 1 బిట్టు కావలెను. నాలుగింటిలో ఒకదానికి 2 బిట్లు. ఎనిమిదింటిలో ఒకదానికి 3 బిట్లు. అవకాశములు రెట్టింపైనప్పుడెల్ల ఒక్క బిట్టు మాత్రమే పెరుగును. 10 బిట్లతో 1,024 వస్తువులలో ఒకదానిని, 20 బిట్లతో 10,48,576 వస్తువులలో ఒకదానిని గుర్తింపవచ్చును. ఇరువది ప్రశ్నలతో ఏ వస్తువునైనను పట్టుకొనగలుగుట మాయ కాదు, లెక్క మాత్రమే. లాగరిథములు నేర్చిన విద్యార్థి, అవకాశముల సంఖ్యకు 2 ఆధారముగా లాగరిథము తీసినచో బిట్లు వచ్చునని గ్రహింపగలడు.

ఐదక్షరముల మాటను పట్టుట

ఈ లెక్కను వర్డిల్ ఆటకు అన్వయించి చూతము. ఆరంభమున ఆ ఆటకు జవాబులుగా ఏర్పరచిన మాటలు 2,315. వానిలో ఒకదానిని గుర్తించుటకు కావలసిన సమాచారము 11 బిట్లకు కొంచెము పైన.

ఒక మాట వ్రాసినప్పుడు ఎన్ని విధముల రంగుల వరుసలు రాగలవు? ఐదు స్థానములు, ఒక్కొక్క దానికి మూడు రంగులు. కావున 3ను ఐదుసార్లు హెచ్చవేసినచో 243. కాని ఇందులో ఐదు వరుసలు ఎన్నటికిని రావు. నాలుగు ఆకుపచ్చలు, ఒక పసుపు వచ్చుట అసంభవము. నాలుగక్షరములు తమ తమ స్థానములలో కుదిరినప్పుడు ఐదవ అక్షరము ‘వేరొక స్థానమున’ ఉండుటకు ఖాళీ యేది? ఆ ఒక్క పసుపు ఐదు స్థానములలో ఎక్కడైనను ఉండవచ్చును గనుక ఐదు వరుసలు పోయి 238 మిగులును. ఈ 238 వరుసలును సమానముగా వచ్చినచో ఒక్క ప్రయత్నమునకు దాదాపు 8 బిట్లు లభించును. కాని అవి సమానముగా రావు. అన్నియు బూడిదలే వచ్చుట తరచు. నాలుగు ఆకుపచ్చలు వచ్చుట అరుదు. కంప్యూటరుతో లెక్కించి చూడగా, ఎన్నికైన తొలి మాటలు కూడ సగటున 6 బిట్లకు కొంచెము తక్కువ సమాచారమునే ఇచ్చునని తేలినది.

ఆరు బిట్లనగా అవకాశములను ఆరుసార్లు సగము చేయుట. 2,315 ఆరుసార్లు సగమైనచో 36 మాటలు మిగులును. ఒక్క మాటతో 2,315 అవకాశములు స్థూలముగా నలుబదికి దిగినవన్నమాట. ఆరు ప్రయత్నములలో చాలమంది గెలుచుటకు ఇదియే కారణము.

మంచి తొలి మాట ఎట్లుండవలెను? ఇంగ్లీషునందు తరచుగా వచ్చు ఈ, ఏ, ఆర్, ఎస్, టీ వంటి అక్షరములు గలదై యుండవలెను. క్యూ, జెడ్ వంటి అరుదైన అక్షరములతో మొదలిడుట ‘అది ఏనుగా?’ అని అడుగుట వంటిది. అక్షరములన్నియు సమానముగా రావను సంగతి వర్డిల్ కంటె ముందునుండియే ఆటలు తయారుచేయువారికి తెలియును. అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930 ప్రాంతములలో, తరువాత స్క్రాబుల్ అను పేర ప్రసిద్ధమైన ఆటను కల్పించునప్పుడు, వార్తాపత్రికలలోని అక్షరములను లెక్కపెట్టెను. అందుచేతనే ఇంగ్లీషు స్క్రాబుల్‌లోని 100 బిళ్ళలలో ఈ అక్షరమునకు 12 బిళ్ళలు, బిళ్ళకు 1 మార్కు. క్యూ అక్షరమునకు ఒకే బిళ్ళ, దానికి 10 మార్కులు. అరుదుగా వచ్చినదానిలో సమాచార మెక్కువ. ఎల్లప్పుడు వచ్చుదానిలో తక్కువ.

షానన్ చేసిన ప్రయోగము

సమాచారమునకు ఈ కొలతను గణితరీత్యా స్థిరపరచినవాడు క్లాడ్ షానన్ (1916–2001). ఆయన అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పనిచేయుచు 1948లో ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. తంతి, టెలిఫోను, రేడియో మొదలగు ఏ మార్గమున వార్త పంపినను దానియందలి సమాచారమును బిట్లలో కొలువవచ్చునని అందు నిరూపించెను. 1951లో మరియొక వ్యాసమున ఆయన ఒక ప్రశ్నకు జవాబు వెదకెను. ఇంగ్లీషు భాషలో ఒక్కొక్క అక్షరమున సగటున ఎంత సమాచారము కలదు?

ఇందుకు ఆయన ఉపయోగించిన పరికరము మరేదియు కాదు, ఒక ఊహించు ఆట! ఒక వ్యక్తికి తెలియని పుస్తకమునుండి కొన్ని వాక్యములను తీసికొని, మొదటి అక్షరమేదో ఊహింపుమనెను. తప్పైనచో మరల ఊహింపవలెను. సరియైనచో రెండవ అక్షరమునకు పోవలెను. ఇట్లు ప్రతి అక్షరమునకు ఎన్ని ప్రయత్నములు పట్టినవో వ్రాసికొనెను. మాటల నడుమ ఖాళీని కూడ ఒక గుర్తుగా లెక్కించెను. కావున గుర్తులు మొత్తము 27.

ఒక ప్రయోగమున 102 గుర్తులకు గాను 79 మొదటి ప్రయత్నమునందే సరిపోయినవి. రెండవ ప్రయత్నమున 8, మూడవదానిలో 3, నాలుగవ ఐదవ ప్రయత్నములలో రెండేసి చొప్పున సరిపోయినవి. ఐదుకంటె ఎక్కువ ప్రయత్నములు పట్టినవి 8 మాత్రమే. 27 గుర్తులును సమానముగా వచ్చునవైనచో మొదటి ప్రయత్నమున సరిపోవునవి నూటికి నాలుగుకు మించవు. కాని ఇక్కడ నూటికి 77 సరిపోయినవి! ఈ తేడా ఎక్కడనుండి వచ్చినది? ఆ వ్యక్తికి భాష తెలిసియుండుటవలన వచ్చినది. వ్యాకరణము, సామెతలు, లోకజ్ఞానము, విషయ సందర్భము అన్నియు కలిసి తరువాతి అక్షరమును ముందుగనే చెప్పుచున్నవి.

27 గుర్తులు సమానముగా వచ్చినచో ఒక్కొక్కదానికి 4.75 బిట్ల సమాచారముండవలెను. కాని వెనుకటి 100 అక్షరములు తెలిసియున్నప్పుడు తరువాతి అక్షరమునందలి సమాచారము 0.6 నుండి 1.3 బిట్ల వరకు మాత్రమే యుండునని షానన్ లెక్క కట్టెను. అనగా మనము వ్రాయు అక్షరములలో సుమారు నాలుగింట మూడువంతులు భాషానియమములే నిర్ణయించుచున్నవి. మన స్వేచ్ఛకు మిగిలినది నాలుగవ వంతు. ఇట్లు నియమములచే ముందుగనే నిర్ణయమగు భాగమును శాస్త్రజ్ఞులు ‘రిడండెన్సీ’ అందురు. తెలుగులో దీనిని ‘మిగులు’ అనుకొందము.

మిగులు వలన లాభము

మిగులు అనగానే వృథా అని తలపరాదు. ‘తె–గు భాష’ అని అచ్చుతప్పు పడినను మనము ‘తెలుగు భాష’ అని చదువుకొనుట ఈ మిగులు వలననే. టెలిఫోనులో గరగర శబ్దముల నడుమ మాట అర్థమగుట, శాసనములలో చెరిగిపోయిన అక్షరములను పండితులు పూరింపగలుగుట, తొందరగా వ్రాసిన వైద్యుని చేవ్రాతను మందుల దుకాణమువాడు చదువగలుగుట – అన్నిటికిని ఆధారమిదియే. మిగులు ఏ మాత్రమును లేని భాషలో ఒక్క అక్షరము తప్పినను అర్థము మారిపోవును. తప్పు జరిగినదని కూడ తెలియదు.

గళ్ళ నుడికట్టునకు కూడ మిగులుతో సంబంధమున్నది. మొదటి గళ్ళ నుడికట్టును ఆర్థర్ విన్ కూర్చగా, 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డ్ పత్రిక ప్రకటించెను. దీనిపై షానన్ తన 1948 వ్యాసమున ఒక చమత్కారమైన సంగతి చెప్పెను. భాషలో మిగులు సున్న అయినచో ఏ అక్షరముల వరుసయైనను ఒక మాటయే అగును. అప్పుడు గళ్ళలో ఎట్లు నింపినను నుడికట్టు తయారగును; ఆటలో రుచి యుండదు. మిగులు మరీ ఎక్కువైనచో అడ్డము మాటలు, నిలువు మాటలు ఒకదానితో నొకటి కలియుటే కష్టమై పెద్ద నుడికట్టు తయారుకాదు. మిగులు నూటికి 50 ఉన్నచో పెద్ద నుడికట్టు సాధ్యమగును. నూటికి 33 మాత్రమే ఉన్నచో అడ్డము, నిలువు, లోతు అను మూడు దిక్కులలోను మాటలు కలియు నుడికట్టును కూడ కూర్పవచ్చును. మొదలే లేని నియమములలో ఆట లేదు. ఊపిరి సలుపనీయని నియమములలోను ఆట లేదు. ఈ రెంటి నడుమనే మాటల ఆటలన్నియు బ్రతుకుచున్నవి.

నిషేధములతో ఆడిన కవులు

మిగులు ఉన్నందువలన రచయితలకు మరియొక వినోదము కూడ సాధ్యమైనది. అది ఒక అక్షరమును పూర్తిగా బహిష్కరించి వ్రాయుట. ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అను అమెరికా రచయిత 1939లో ప్రకటించిన ‘గాడ్స్‌బీ’ నవలలో 50,000కు పైగా మాటలున్నవి; ఇంగ్లీషులో అన్నిటికంటె ఎక్కువగా వచ్చు ఈ అను అక్షరమును వర్జించి దానిని వ్రాసెను. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1969లో అదే అక్షరమును వదలి తన భాషలో ఒక నవల వ్రాసెను. మిగులు లేని భాషలో ఇట్టి సాహసము చేయ వీలులేదు. ఒక మాట నిషిద్ధమైనను అదే భావమును చెప్పుటకు వేరొక దారి యుండుటయే దీనికి మూలము.

మన దేశమున ఇది క్రొత్త విద్య కాదు. సంస్కృతమున దండి రచించిన దశకుమార చరిత్రమునందు మంత్రగుప్తుడు తన కథను ఓష్ఠ్యములు, అనగా పెదవులతో పలుకు అక్షరములు, లేకుండ చెప్పును. అతని పెదవి గాయపడియుండుటయే కారణము. తెలుగున మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రమును నిరోష్ఠ్య కావ్యముగా రచించెను. తెలుగున ఈ నియమము ఎంత కఠినమో చూడుడు. ప ఫ బ భ మ లతో బాటు ఉకారము కూడ ఓష్ఠ్యమే. మన ప్రథమా విభక్తి ప్రత్యయములు డు, ము, వు, లు అన్నియు ఉకారాంతములే! నియమమును ఖచ్చితముగా పాటింపదలచినచో రాముడు, వనము, తరువు, నదులు అను సామాన్య రూపములు కూడ పనికిరావు.

అష్టావధానమునందలి నిషిద్ధాక్షరి ఇంకను విశేషమైనది. అవధాని పద్యములో ఒక అక్షరము పలుకగానే పృచ్ఛకుడు, తరువాత ఏ అక్షరము రాగలదో ఊహించి, దానిని నిషేధించును. అవధాని ‘రా’ అన్నచో, ‘మ’ వచ్చి ‘రామ’ అగునని ఊహించి పృచ్ఛకుడు మకారమును నిషేధించును. అవధాని ‘జ’ వైపు తిరిగి ‘రాజ’ అనవచ్చును. మరల నిషేధము, మరల క్రొత్త దారి. ఇచ్చట పృచ్ఛకుడు చేయుచున్న పని షానన్ ప్రయోగములోని వ్యక్తి చేసిన పనియే: వెనుకటి అక్షరములనుబట్టి ముందటి అక్షరమును ఊహించుట. తేడా యొక్కటే. అక్కడ ఊహ సరియైనచో ఆట ముందుకు సాగును. ఇక్కడ ఊహించిన దారి మూతపడును. అవధాని ప్రతి అడుగునను, ఎక్కువమంది నడుచు బాట విడిచి, ఛందస్సు చెడకుండ తక్కువ మంది నడుచు బాటను వెదకుకొనవలెను. తిరుపతి వేంకట కవుల వంటివారి అవధానములు చూచి జనులు ఆశ్చర్యపడుట ఊరక కాదు. బిట్ల భాషలో చెప్పినచో అట్టి పద్యమున ఒక్కొక్క అక్షరము మోయు సమాచారము మామూలు పద్యమునకంటె ఎక్కువ.

తెలుగు అక్షరమును ఎట్లు లెక్కింపవలెను?

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. వర్డిల్ వంటి ఆటను తెలుగున ఆడవలెనన్న, షానన్ కొలతను తెలుగునకు పెట్టవలెనన్న, ముందుగా ‘ఒక అక్షరము’ అనగా ఏమో తేల్చుకొనవలెను.

ఇంగ్లీషున 26 అక్షరములు విడివిడిగా నిలుచును. తెలుగున అట్లు కాదు. క నుండి ఱ వరకు 35 హల్లులను, తలకట్టునుండి ఔత్వము వరకు 12 గుణింతములను తీసికొన్నచో 420 అక్షరములగును. ఒక ఒత్తు గల సంయుక్తాక్షరములను చేర్చినచో లెక్కప్రకారము 35ను 35తోను, మరల 12తోను హెచ్చవేసి 14,700 రూపములు రావచ్చును. వీనిలో చాల భాగము వాడుకలో లేకున్నను, ఉన్నవి తక్కువేమియు కావు. అయినను బడిపిల్లవానిని ‘రాష్ట్రము’ అను మాటలో ఎన్ని అక్షరములని అడిగినచో తడుముకొనక ‘మూడు’ అనును: రా, ష్ట్ర, ము.

కంప్యూటరు అట్లనదు. ప్రపంచ భాషల లిపులకు సంఖ్యల నిచ్చు యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. అందు హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా సంఖ్యలు పొందినవి. ఆ పద్ధతిలో ‘రాష్ట్రము’ మూడు కాదు, తొమ్మిది గుర్తులు. ‘స్త్రీ’ అను ఏకాక్షర పదము ఆరు గుర్తులు. ఇంగ్లీషు కొరకు చేసిన ఆటను మార్పు లేకుండ తెలుగునకు వాడినచో ఒక గడిలో పొల్లు మాత్రమే, మరియొక గడిలో కొమ్ము మాత్రమే వచ్చి ఆట హాస్యాస్పదమగును. చదువరి ఒక అక్షరముగా భావించు గుర్తుల సముదాయమును కంప్యూటరు ఎట్లు విడదీయవలెనో యూనికోడ్ వారి నియమావళి యొకటి చెప్పును. ఆ నియమావళి మొదట ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా కోసెడిది. 2023లో వెలువడిన 15.1వ కూర్పునందు తెలుగు మొదలగు కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరములను విడదీయరాదను నియమమును చేర్చిరి. పిల్లవానికి మొదటినుండి తెలిసిన సంగతి యంత్రముల నియమావళి కెక్కుటకు అంతకాలము పట్టినది.

అక్షరమును అక్షరముగా గుర్తించిన తరువాత ఇంకొక చిక్కు కలదు. ఇంగ్లీషు ఆటలో ఒక్క మాటతో 26 అక్షరములలో ఐదింటిని, అనగా సుమారు ఐదవ వంతును పరీక్షింపవచ్చును. తెలుగున నాలుగక్షరముల మాటతో 420లో నాలుగింటిని, అనగా నూరవ వంతుకంటె తక్కువను మాత్రమే పరీక్షింపగలము. కావున గళ్ళన్నియు ప్రాయికముగా బూడిదయే చూపును. జవాబులో ‘కా’ ఉండగా ఆటగాడు ‘కి’ అని వ్రాసినచో, సగము సరియైనను, ఆట ‘తప్పు’ అనియే చెప్పును. దీనికి మార్గము హల్లునకును అచ్చునకును వేరువేరుగా సూచన నిచ్చుటయే. అప్పుడు నాలుగు గళ్ళతో 35 హల్లులలో నాలుగింటిని, 12 గుణింతములలో నాలుగింటిని పరీక్షించినట్లగును. సందేహము త్వరగా తగ్గి ఆట రక్తి కట్టును. తెలుగు గళ్ళ నుడికట్టులలో ‘తిరగబడినది’, ‘చెల్లాచెదరైనది’ అను ఆధారములు తరచుగా కనబడుటను కూడ ఈ దృష్టితో చూడవచ్చును. గడికి ఒక అక్షరము చొప్పున నింపునప్పుడు అడ్డము, నిలువు మాటలకు ఉమ్మడి అక్షరము దొరకుట కష్టము. మాటను తిరగవేయు స్వేచ్ఛ ఉన్నచో కూర్పరికి కొంత వెసులుబాటు కలుగును.

ఇది ఆటలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. సెల్‌ఫోనులో రెండక్షరములు కొట్టగానే మాట మొత్తమును సూచించు సాధనము, ముద్రిత పుటను చదివి పాఠముగా మార్చు సాధనము, మాటను విని వ్రాయు సాధనము – ఇవి యన్నియు తరువాతి అక్షరమును లేక మాటను ఊహించు విద్యపై ఆధారపడినవే. ప్రశ్నలకు జవాబులు వ్రాయు నేటి భాషాయంత్రములను కూడ ఇదే ఆటను కోట్లసార్లు ఆడించి తయారుచేయుదురు. ఇంగ్లీషును దృష్టిలో ఉంచుకొని మాటలను ముక్కలు చేయు పద్ధతులు తెలుగు మాటను అనవసరముగా అనేక తునకలు చేయును. తునకలు పెరిగినకొలది యంత్రమునకు పనియు, వాడువారికి ఖర్చును పెరుగును. తెలుగును తెలుగు అక్షరముతో కొలువవలెననుట కేవలము అభిమానపు మాట కాదు; యంత్రము సరిగా పనిచేయుటకు అవసరమైన మాట.

మన శాస్త్రజ్ఞులు ఈ విషయమును చాలకాలము క్రిందటనే గుర్తించిరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో బి.ఎస్. రామకృష్ణ, ఆయన సహచరులు భారతీయ భాషల సమాచార సామర్థ్యమును పోల్చి 1962లో ఒక గ్రంథము వెలువరించిరి. 1968లో పి. బాలసుబ్రహ్మణ్యము, గిఫ్ట్ సిరోమణి తెలుగు వచనమునందలి సమాచారమును గూర్చి ఒక పరిశోధనా వ్యాసము ప్రకటించిరి.

తరగతిలో చేయదగిన ప్రయోగము

షానన్ ప్రయోగమునకు కావలసినవి కాగితము, పెన్సిలు మాత్రమే. కావున ఏ ఉన్నత పాఠశాలలోనైనను చేయవచ్చును.

ఉపాధ్యాయుడు విద్యార్థులు చదువని వచనమునుండి 100 అక్షరముల భాగమును ఎన్నుకొనవలెను. సంయుక్తాక్షరమును ఒకటిగా లెక్కింపవలెను. సున్నను దాని ముందటి అక్షరముతో కలుపవలెను. ‘వంక’ అనగా వం, క అని రెండు. మాటల నడుమ ఖాళీని కూడ ఒక గుర్తుగా తీసికొనవలెను. ఒక విద్యార్థి మొదటి అక్షరమును ఊహించును. సరియగువరకు ప్రయత్నములను లెక్కించి, ఆ అక్షరము క్రింద సంఖ్య వేయవలెను. పది ప్రయత్నములలో రానిచో అక్షరమును చెప్పివేసి 10 అని వేసికొని ముందుకు పోవచ్చును.

ఫలితములు ఎట్లుండునో ఒక ఉదాహరణతో ఊహింపవచ్చును. ‘వి’ తరువాత ఏమి వచ్చును? విజయము, వినయము, విషయము, వివాహము, విద్య – దారులు అనేకము. ‘విద్యా’ అని తెలిసినచో దారులు తగ్గును. ‘విద్యార్థు’ వరకు వచ్చినచో మిగిలినవి రెండు మూడు మాత్రమే. అట్లే ‘హైదరా’ అని విన్నవానికి ‘బా’ అనునది ఏ సమాచారమును ఇయ్యదు. సంఖ్యలను చూచినచో మాట మొదట పెద్దవి, చివర చిన్నవి కనబడును. పత్రికలోని వార్త, సైన్సు పాఠము, కథ – మూడింటితోను ప్రయోగము చేసి, మొదటి ప్రయత్నమున సరిపోయినవి నూటికి ఎన్నో పోల్చవలెను. పిదప పద్యముతో చేసి చూడవలెను. ప్రాస నియమము గల పద్యములో మొదటి పాదము తెలిసినవానికి, మిగిలిన పాదములలో రెండవ అక్షరపు హల్లు ముందే తెలిసిపోవును. ప్రాస వినువానికి ఇంపు కలిగించుటయే గాక, కంఠస్థము చేయువానికి జ్ఞాపకశక్తి భారమును తగ్గించుచున్నదని అప్పుడు లెక్కలతోనే తెలియును.

ఒకే భాగమును ఎక్కువగా పుస్తకములు చదువు విద్యార్థిచేతను, తక్కువగా చదువు విద్యార్థిచేతను వేరువేరుగా ఊహింపజేయుట మరియొక మంచి పరీక్ష. ఒకరి కున్న భాషాపరిచయము ఎంతటిదో ఈ సంఖ్యలలో కొంతవరకు బయటపడును. మార్కులు వేయుటకు గాక, తెలిసికొనుటకే దీనిని ఉపయోగింపవలెను. కొందరు విద్యార్థులు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చియున్నచో హల్లునకు, అచ్చునకు వేరువేరు సూచనలిచ్చు తెలుగు మాటల ఆటను తామే తయారుచేయవచ్చును. అందులకు మొదటి మెట్టు, వాడుకలో ఉన్న నాలుగక్షరముల తెలుగు మాటల జాబితా. తరగతి వారందరును కలిసి వెయ్యి మాటలు సమకూర్చినచో అది 10 బిట్ల ఆట అగును.